ముద్దాయి గతం, నేటి విచారణ: పూర్వ నేరాల సాక్ష్యంపై ఒక చట్ట చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- ముద్దాయి పూర్వ నేరాలను విచారణలో వాడడంపై నియమాలు ఎలా రూపొందాయో వివరించగలుగుతారు.
- భారత సాక్ష్య చట్టం 54వ సెక్షన్‌లో 1872కూ 1891కీ మధ్య వచ్చిన మార్పును, దాని ప్రాముఖ్యాన్ని గుర్తించగలుగుతారు.
- సాక్ష్య చట్టాన్ని, నేరస్థ తెగల చట్టాన్ని పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతారు.
- నేటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని నియమాన్ని ఒక ఉదాహరణకు అన్వయించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

"వాడు పాత కేడీ" అనే మాట మీరు వినే ఉంటారు. పోలీసు స్టేషన్ రికార్డుల్లో పేరెక్కిన పాత నేరస్థులను సూచించడానికి వాడిన రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు మన వాడుకలోకి వచ్చి ఇలా ఒక తెలుగు మాటగా స్థిరపడ్డాయి. ఊళ్ళో ఏదైనా వస్తువు పోతే మొదటి అనుమానం ఎవరి మీదికి పోతుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అనుమానానికి న్యాయస్థానంలో ఎంత చోటు ఇవ్వాలి అన్నదే ఈ పాఠంలోని ప్రశ్న.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ప్రారంభిద్దాం. ఒక ఊళ్ళో రాత్రివేళ పొలం దగ్గరి కరెంటు మోటారు పోయింది. అయిదేళ్ళ క్రితం ఇలాంటి దొంగతనం కేసులోనే ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చిన యువకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. ఆ రాత్రి తాను పొరుగూళ్ళో అక్కగారింట్లో ఉన్నానని అతడు అంటున్నాడు. పొలం గట్టు మీద అతణ్ణి చూశానని ఒక సాక్షి అంటున్నాడు. పాత శిక్ష సంగతి న్యాయమూర్తి ముందు పెట్టవచ్చా?

పెట్టాలనే వారు రెండు కారణాలు చెబుతారు. "ఒకసారి దొంగిలించినవాడు మళ్ళీ దొంగిలించి ఉంటాడు" అన్నది మొదటిది. దీన్ని ప్రవృత్తి వాదం అందాం. "నేరం చేసినవాడి మాటను ఎలా నమ్మడం?" అన్నది రెండోది. ఇది విశ్వసనీయత వాదం. మొదటి వాదం మోటారు ఎవరు తీశారన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పబోతుంది. రెండోది అక్కగారింట్లో ఉన్నానన్న మాట విలువను మాత్రమే తగ్గించబోతుంది. కాగితం మీద ఈ రెండూ వేరు. వినేవారి మనసులో మాత్రం రెండోది చాలా తేలికగా మొదటిదిగా మారిపోతుంది. ఈ పాఠంలోని చట్టాలన్నీ ఈ మార్పును ఆపడానికో, ఆపకుండా వదిలేయడానికో చేసిన ప్రయత్నాలుగా మీరు చదవవచ్చు.

2. ఇంగ్లండు నేపథ్యం

మన సాక్ష్య చట్టానికి మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి కనుక ముందు అక్కడి పరిస్థితి చూద్దాం. పాత ఇంగ్లీషు చట్టం ప్రకారం కొన్ని హీనమైన నేరాలకు శిక్ష పడినవాడు ఏ కేసులోనూ సాక్షిగా నిలబడడానికి అనర్హుడు. అతని మాటను తూకం వేయడం కాదు, అసలు వినడమే లేదు. లార్డ్ డెన్మన్ చట్టంగా పేరుపొందిన 1843 నాటి చట్టం ఈ అనర్హతను తొలగించింది. ఆ తరువాత శిక్ష పడినవాడు కూడా సాక్ష్యం చెప్పవచ్చు. అయితే ఎదుటి పక్షం అతని గతాన్ని ఎత్తిచూపి, మాటను అనుమానించమని కోరవచ్చు. నోరు మూయించే కారణంగా ఉన్న పూర్వ నేరం, నమ్మకాన్ని తగ్గించే కారణంగా మారింది. సాక్షి విశ్వసనీయతపై దాడికి పాత నేరాలను వాడే పద్ధతి బలపడింది ఈ మార్పు తరువాతే.

ముద్దాయి విషయం వేరు. తన కేసులో తాను ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే హక్కు అతనికి అప్పటికి లేదు. కనుక అతని విశ్వసనీయత కంటే ప్రవృత్తి ప్రశ్నే ముందుకొచ్చేది. పాత శిక్ష ఉంటే పెద్ద శిక్ష వేసే చట్టాల కింద ఆ సంగతి ఆరోపణలోనే చేరి జ్యూరీ చెవిన పడేది. 1836లో పార్లమెంటు దీన్ని సరిదిద్దింది. కొత్త నేరంపై జ్యూరీ తీర్పు చెప్పేవరకు పాత శిక్షను వారి ముందు పెట్టకూడదని చట్టం చేసింది. ఒక్క మినహాయింపు ఉంచింది: ముద్దాయి తాను మంచివాడినని సాక్ష్యం తెస్తే ప్రాసిక్యూషన్ పాత శిక్షను బయటపెట్టవచ్చు. 1865లో రౌటన్ కేసు తీర్పు కూడా, ముద్దాయి సచ్ఛీలతకు సాక్ష్యం తెచ్చినప్పుడు ప్రాసిక్యూషన్ దానికి ఎదురు సాక్ష్యం తేవచ్చని చెప్పింది. ఈ "మంచితనం ఎత్తితే చెడు బయటికొస్తుంది" అన్న సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. నేటి మన చట్టం దాకా అదే కొనసాగుతోంది.

3. 1872 నుంచి 1891 వరకు: ఒక సెక్షన్ కథ

1860లో శిక్షాస్మృతి, 1861లో నేర విచారణ ప్రక్రియా స్మృతి వచ్చిన తరువాత, 1872లో భారత సాక్ష్య చట్టం వచ్చింది. దాన్ని రూపొందించినవాడు 1869 నుంచి 1872 వరకు వైస్రాయి కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడిగా ఉన్న జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. స్పష్టతకు పేరుపొందిన ఈ చట్టం 1872 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

విద్యార్థులు ఇక్కడ తరచుగా ఒక పొరపాటు చేస్తారు. 54వ సెక్షన్ మొదటి నుంచీ ఇప్పుడున్న రూపంలోనే ఉందనుకుంటారు. కాదు. 1872 నాటి సెక్షన్ రెండు మాటలు చెప్పింది. ముద్దాయికి గతంలో శిక్ష పడిందన్న విషయం క్రిమినల్ విచారణలో సంగతమే, అంటే పరిశీలనకు తగినదే అన్నది ఒకటి. అతని చెడ్డ పేరు మాత్రం, అతను మంచి పేరుకు సాక్ష్యం తెస్తే తప్ప, అసంగతం అన్నది రెండోది. ఊరివాళ్ళు చెప్పుకొనే చెడ్డ పేరుకు తలుపు మూసిన చట్టం, కోర్టు రికార్డులోని పాత శిక్షకు తలుపు బార్లా తెరిచింది. ఇంగ్లండులో 1836లోనే జ్యూరీకి దూరంగా ఉంచిన విషయాన్ని ఇక్కడ ఏ షరతూ లేకుండా లోపలికి రానిచ్చారు.

ఆ కాలపు న్యాయ వ్యవస్థను తలచుకుంటే దీని బరువు అర్థమవుతుంది. జిల్లాల్లో రెవెన్యూ పాలన, పోలీసులపై అజమాయిషీ, మేజిస్ట్రేటు అధికారం చాలావరకు ఒకే అధికారి చేతిలో ఉండేవి. ముద్దాయికి వకీలు ఉండడం అరుదు. అలాంటి చోట పాత శిక్ష కాగితం కోర్టు బల్ల మీదికి వచ్చాక, పేదవాడు దాని ప్రభావాన్ని ఎదుర్కొనే మార్గం దాదాపు లేదు.

1891లో మూడవ నంబరు చట్టం ఈ సెక్షన్‌ను తిరగరాసింది. కొత్త రూపం ప్రకారం ముద్దాయి దుశ్శీలం అసంగతం. అతను సచ్ఛీలతకు సాక్ష్యం తెస్తే, అప్పుడు మాత్రమే సంగతమవుతుంది. కొత్త రూపంలో రెండు వివరణలు కూడా ఉన్నాయి. చెడు శీలమే వివాదాంశమైన కేసులకు ఈ నియమం వర్తించదు. పూర్వ నేరస్థాపన దుశ్శీలానికి సాక్ష్యంగా పనికొస్తుంది. ఈ రెండో వివరణను తొందరపడి చదివితే పాత శిక్ష ఎప్పుడైనా పనికొస్తుందని అనిపిస్తుంది. అది సరికాదు. దుశ్శీలం సంగతమైన సందర్భంలోనే పాత శిక్ష దానికి రుజువు అవుతుంది. ప్రధాన నియమం మూసిన తలుపును వివరణ తెరవదు. 1872లో స్వతంత్రంగా లోపలికొచ్చిన పూర్వ శిక్ష, 1891 తరువాత ముద్దాయి తానే తలుపు తీస్తే తప్ప ఈ సెక్షన్ ద్వారా లోపలికి రాలేదు.

4. ప్రవృత్తి వేరు, ఉద్దేశం వేరు

అయితే పూర్వ ప్రవర్తన ఎన్నడూ పనికిరాదా? దీనికి ప్రసిద్ధమైన సమాధానం న్యూ సౌత్ వేల్స్ నుంచి ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళిన మేకిన్ కేసులో ఉంది. తీర్పు 1894 నాటి లా రిపోర్టుల్లో వెలువడింది. పెంచుతామని డబ్బు తీసుకున్న పసిబిడ్డను చంపి పెరట్లో పూడ్చారని ఒక దంపతులపై అభియోగం. వారు అంతకుముందు అద్దెకున్న ఇళ్ళ పెరళ్ళలోనూ పసిబిడ్డల అవశేషాలు దొరికాయి. లార్డ్ హెర్షెల్ రెండు మాటలు చెప్పారు. ముద్దాయి ఇలాంటి పనులు చేసే స్వభావం కలవాడని తేల్చడానికే ఇతర నేరాల సాక్ష్యం తేకూడదు. కాని జరిగింది ప్రమాదమా, ఉద్దేశపూర్వకమా అన్న ప్రశ్న తేల్చడానికి ఆ సాక్ష్యం పనికొస్తే తేవచ్చు.

మన సాక్ష్య చట్టం 14, 15 సెక్షన్లలో ఈ భేదం అప్పటికే ఉంది. 15వ సెక్షన్ కింద ఇచ్చిన దృష్టాంతం చూడండి. ఒకడు బీమా డబ్బు కోసం తన ఇల్లు తానే తగలబెట్టాడని ఆరోపణ. అతడు వరసగా ఎన్నో ఇళ్ళలో ఉన్నాడు, ప్రతి ఇంటికీ బీమా చేశాడు, ప్రతి ఇల్లూ కాలింది, ప్రతిసారీ వేర్వేరు కంపెనీల నుంచి డబ్బు అందింది. ఈ సంగతులు సంగతమే. ఇక్కడ "వాడు చెడ్డవాడు కనుక చేశాడు" అనడం లేదు. "ఇన్నిసార్లు ప్రమాదం జరగడం సాధ్యమా?" అని అడుగుతున్నాం. మన మోటారు కేసుకు ఇది వర్తించదు. మోటారు పొరపాటున ఎవరి ఇంటికీ పోదు. అక్కడి ప్రశ్న ఎవరు తీశారన్నది.

5. శిక్ష పడకుండానే గతం: నేరస్థ తెగల చట్టం

ఇప్పటివరకు చెప్పుకున్నది కోర్టు గది లోపలి చరిత్ర. బయటి చరిత్ర చూడకుండా దాన్ని మెచ్చుకుంటే సగం నిజమే తెలుసుకున్నట్లు. స్టీఫెన్ న్యాయ సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1871లో, నేరస్థ తెగల చట్టం వచ్చింది. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ చట్టం, 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1924లో దాన్ని మళ్ళీ క్రోడీకరించారు.

ఈ చట్టం కింద ప్రభుత్వం ఒక సముదాయాన్ని నేరస్థ తెగగా ప్రకటించవచ్చు. ప్రకటించాక ఆ సముదాయంలో పుట్టినవారి పేర్లు రిజిస్టరు చేసి, వేలిముద్రలు తీసుకొని, హాజరు వేయించుకొని, కదలికలపై ఆంక్షలు పెట్టవచ్చు. సెటిల్‌మెంట్లలో ఉంచవచ్చు. మన ప్రాంతంలో ఎరుకల వారి కోసం 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురం అలాంటిదే. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద ఆ పేరు వచ్చింది.

1924 చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఈ తెగలవారిలో ఎవరికైనా కొన్ని నిర్దిష్ట నేరాలకు రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్ళ జైలు, మూడోసారి పడితే ద్వీపాంతరవాసం. అదే నేరానికి వేరొక కులంవాడికి ఈ లెక్క వర్తించదు. సాక్ష్య చట్టం "ఇతని పాత శిక్ష చూడవద్దు" అంటుంటే, పక్కనే మరో చట్టం "ఇతని పుట్టుక చూడు" అంటున్నది. ఇలా రిజిస్టరైన ఒక మనిషి బోనులో నిలబడితే, 54వ సెక్షన్ అతనికి ఏపాటి రక్షణ ఇచ్చి ఉంటుంది? పాత శిక్ష రికార్డును దాచవచ్చు. సెటిల్‌మెంటు చిరునామాను దాచలేం. ఊరి పేరే దుశ్శీలానికి సాక్ష్యంగా మారింది.

గతాన్ని మనిషికి కట్టివేసే సాంకేతికత కూడా ఈ కాలంలోనే పెరిగింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. పేరు మార్చుకొని వచ్చిన పాత నేరస్థుణ్ణి గుర్తించడం దాని ముఖ్యోద్దేశాల్లో ఒకటి.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆ సముదాయాలను విముక్త జాతులంటారు. కాని పలు రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు చేసుకున్నాయి. 1962లో ఆంధ్రప్రదేశ్ కూడా చేసింది. తెగను బట్టి కాక వ్యక్తి శిక్షలను బట్టి చూడడం ఈ చట్టాల పద్ధతి. అది ముఖ్యమైన మార్పే. అయినా పాత ముద్ర ఒక్క రద్దు చట్టంతో చెరగలేదు. 1970లలో స్టూవర్టుపురంలో హేమలతా లవణం వంటి వారు చేసిన సంస్కరణ కృషి, చట్టం రద్దయి రెండు దశాబ్దాలు గడిచాక కూడా ఎంత పని మిగిలి ఉందో చెబుతుంది.

6. ముద్దాయి నోరు విప్పినప్పుడు

ఇక విశ్వసనీయత ప్రశ్నకు తిరిగి వద్దాం. ఇంగ్లండులో 1898 నాటి క్రిమినల్ ఎవిడెన్స్ చట్టం ముద్దాయికి తన పక్షాన ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే హక్కును సాధారణ నియమంగా ఇచ్చింది. సాక్షి అయ్యాక మిగతా సాక్షుల్లాగే అతని గతాన్నీ తవ్వవచ్చా? అలా అయితే పాత శిక్ష ఉన్నవాడెవడూ బోనెక్కడు. అందుకని చట్టం అతనికి ఒక కవచం ఇచ్చింది. పాత నేరాల గురించి అడగకూడదు. కాని అతను తన సచ్ఛీలతను ముందుకు తెచ్చినా, ప్రాసిక్యూషన్ సాక్షుల శీలంపై నిందలు వేసినా, సహ ముద్దాయికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినా ఆ కవచం పోతుంది.

హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చిన మాక్స్‌వెల్ కేసు దీని హద్దులు చూపింది. అక్రమ గర్భస్రావం వల్ల మరణానికి కారకుడన్న ఆరోపణపై ఒక డాక్టరు బోనెక్కి, తాను సచ్ఛీలుడినని చెప్పుకున్నాడు. కవచం పోయింది. అప్పుడు ప్రాసిక్యూషన్, గతంలో ఇలాంటి ఆరోపణే వచ్చి నిర్దోషిగా విడుదలైన సంగతిని అడిగింది. అది అడగరాని ప్రశ్న అని, నిర్దోషిగా విడుదల కావడం విశ్వసనీయతను తగ్గించదని తేల్చి శిక్షను కొట్టివేశారు. కవచం పోయినంత మాత్రాన ప్రతి ప్రశ్నా సంగతం కాదన్నది ఇందులోని పాఠం. ఇంగ్లండు, వేల్సులలో 2003 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ఈ పాత పద్ధతి స్థానంలో, దుశ్శీల సాక్ష్యాన్ని మునుపటి కంటే విరివిగా అనుమతించే కొత్త నియమాలు తెచ్చింది.

భారతదేశం వేరే దారిలో నడిచింది. ఇక్కడ ముద్దాయిని న్యాయమూర్తి ప్రమాణం లేకుండా ప్రశ్నించడం పాత పద్ధతి. 1955 సవరణతో ముద్దాయి కోరుకుంటే తన పక్షాన సాక్షి కావచ్చన్న నియమం వచ్చింది. 1973 స్మృతిలో అది 315వ సెక్షన్‌గా, నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 353వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అతను లిఖితపూర్వకంగా కోరితేనే సాక్షి అవుతాడు. సాక్ష్యం చెప్పకపోతే దాన్ని అతనికి వ్యతిరేకంగా వ్యాఖ్యానించకూడదు. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిర్బంధించరాదన్న రాజ్యాంగ 20(3) అధికరణ దీని వెనుక ఉంది. 1898 ఇంగ్లీషు చట్టంలాంటి ప్రత్యేక కవచాన్ని మాత్రం మన స్మృతి విడిగా రాయలేదు. సాక్షి పరువు మీద దాడిచేసే ప్రశ్నలను కోర్టు ఎప్పుడు ఆపవచ్చో చెప్పే నియమాలు, దుశ్శీలాన్ని నిషేధించే నియమం, ఈ రెండే అతనికి అండ. ఆరోపణ చాలా పాతదైనా, సాక్ష్యం ప్రాముఖ్యంతో పోలిస్తే నింద మరీ పెద్దదైనా ఆ ప్రశ్న సరికాదని సాక్ష్య చట్టం 148వ సెక్షన్ చెప్పింది.

ఇదే తర్కం బాధితుల విషయంలోనూ పనిచేసిందని గమనించండి. అత్యాచారం కేసులో ఫిర్యాదుదారు "నీతి లేనిది" అని చూపి ఆమె మాటను కొట్టిపారేయడానికి 155వ సెక్షన్ నాలుగో క్లాజు వీలిచ్చేది. 2002 సవరణ చట్టం దాన్ని తొలగించింది. గతం చూపి మాటను చంపడం ఎవరిపై ప్రయోగించినా అన్యాయమే కాగలదు.

7. నేటి చట్టం: మన ఉదాహరణకు అన్వయం

2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 అమల్లో ఉంది. పాత 54వ సెక్షన్ ఇందులో 49వ సెక్షన్. 14, 15 సెక్షన్లు ఇప్పుడు 12, 13. సారం మారలేదు. మోటారు కేసులోని యువకుడికి దీన్ని అన్వయిద్దాం.

మొదటిది: ప్రాసిక్యూషన్ తనంతట తాను పాత శిక్షను సాక్ష్యంగా తేలేదు.

రెండోది: యువకుడు "నేను ఏనాడూ ఎవరి సొమ్మూ ముట్టలేదు, ఊరంతా చెబుతుంది" అని సచ్ఛీలతకు సాక్ష్యం తెస్తే, జవాబుగా పాత శిక్ష లోపలికొస్తుంది. "ఆ రాత్రి అక్కగారింట్లో ఉన్నాను" అన్నంత మాత్రాన రాదు. అది తానెక్కడున్నాడో చెప్పడమే తప్ప మంచితనం చెప్పుకోవడం కాదు.

మూడోది: దోషి అని తేలాక కథ మారుతుంది. ఆస్తి నేరాల వంటి కొన్నింటిలో మూడేళ్ళు, అంతకుమించి శిక్ష పడదగిన నేరం మళ్ళీ చేసినవారికి భారతీయ న్యాయ సంహిత 13వ సెక్షన్ పెద్ద శిక్ష విధిస్తుంది. ఆ ఉద్దేశం ఉంటే పాత శిక్షను అభియోగపత్రంలో చేర్చాలి. కాని సెషన్స్ విచారణలో, సురక్షా సంహిత 259వ సెక్షన్ ప్రకారం, దోషి అని తేలేవరకు దాన్ని చదవకూడదు, ప్రాసిక్యూషన్ ప్రస్తావించకూడదు. 1836లో ఇంగ్లండు వేసిన రెండు దశల పద్ధతి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

8. ఒక కష్టమైన ప్రశ్న

మన దేశంలో జ్యూరీ లేదు. 1973 స్మృతితో అది పూర్తిగా పోయింది. చదువుకున్న న్యాయమూర్తికి పాత శిక్ష తెలిస్తే ఏమిటి నష్టం అని మీరు అడగవచ్చు. ఇది మంచి ప్రశ్న. బెయిలు దరఖాస్తులో పాత కేసుల జాబితా ఉంటుంది. అదే న్యాయమూర్తి దాన్ని చదివి ఉండవచ్చు. చదివినదాన్ని మరచిపొమ్మని ఏ చట్టమూ మనసును ఆదేశించలేదు. అయితే మన న్యాయమూర్తి తీర్పుకు కారణాలు రాయాలి. ఆ కారణాల్లో పాత శిక్షకు చోటు ఉండకూడదు. పొలం గట్టు మీద చూశానన్న సాక్షి చీకట్లో ఎంత దూరం నుంచి చూశాడు, మోటారు ఎవరి దగ్గర దొరికింది, అక్క చెప్పినది నిలబడిందా అన్నవే ఉండాలి. పై కోర్టు చూసేది ఆ కారణాలనే. పరిశీలనకు నిలిచే రక్షణ అదే.

రెండో కారణం పోలీసు దర్యాప్తుకు సంబంధించినది. పాత శిక్షే సాక్ష్యంగా చెల్లితే, రౌడీషీటు తెరిచి ఉన్నవాణ్ణి పట్టుకొస్తే దర్యాప్తు ముగిసినట్లే. అసలు దొంగ మోటారుతో వెళ్ళిపోతాడు. నిర్దోషి జైలుకు వెళ్ళడం ఒక నష్టం, రైతుకు న్యాయం జరగకపోవడం మరో నష్టం. ఈ నియమం ముద్దాయి పట్ల దయ అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది ఫిర్యాదుదారుకు కూడా రక్షణే.

ఈ చరిత్ర ముగిసిపోలేదు. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, సామాజికంగా ఆర్థికంగా వెనుకబడినవారి పేర్లను యాంత్రికంగా హిస్టరీ షీట్లలో చేర్చడంపై ఆందోళన వెలిబుచ్చింది. అదే ఏడాది అక్టోబరు 3న జైలు మాన్యువళ్ళలోని కుల వివక్ష నిబంధనలను కొట్టివేస్తూ, విముక్త జాతులపై మిగిలిన పాత ముద్రను కూడా ప్రస్తావించింది. 1871లో రాసిన రిజిస్టరు నీడ ఇంకా తొలగలేదని దీన్నిబట్టి గ్రహించండి.

9. సారాంశం

పూర్వ నేరాన్ని ప్రవృత్తికి రుజువుగా వాడడం, విశ్వసనీయతను తగ్గించడానికి వాడడం అన్నవి వేర్వేరు ప్రయోజనాలు. 1872 చట్టం ముద్దాయి పాత శిక్షను నేరుగా అనుమతించింది. 1891 సవరణ దాన్ని సచ్ఛీలతా సాక్ష్యానికి జవాబుగా మాత్రమే అనుమతించింది. ఉద్దేశాన్ని, ప్రమాదం కాదన్న విషయాన్ని రుజువు చేయడానికి పూర్వ ప్రవర్తన పనికొస్తుంది. దోషి అని తేలాక శిక్ష నిర్ణయంలో పాత శిక్ష పనికొస్తుంది. ఇదే కాలంలో నేరస్థ తెగల చట్టం కోర్టు బయట పుట్టుకనే నేర చరిత్రగా మార్చింది. ఒక నియమం ఎంత మంచిదో తెలుసుకోవాలంటే దాని పక్కన అమలైన చట్టాలను కూడా చదవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 54వ సెక్షన్‌లో 1872, 1891 రూపాల మధ్య తేడా ఏమిటి?
2. బీమా ఇళ్ళ దృష్టాంతంలో పూర్వ సంఘటనలు ఎందుకు సంగతమో, మోటారు కేసులో పాత శిక్ష ఎందుకు కాదో వివరించండి.
3. ముద్దాయి "ఆ రాత్రి నేను అక్కడ లేను" అనడానికీ, "నేను నిజాయితీపరుణ్ణి" అనడానికీ సాక్ష్య చట్టం దృష్టిలో తేడా ఏమిటి?
4. జ్యూరీ లేని దేశంలో దుశ్శీల సాక్ష్య నిషేధం అవసరమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.